గణభంగం

హాలిఫాక్స్‌లో ఇల్లు కొంటే
గోడలు కొసరు.
రెండడుగుల మందం రాయి,
నూట ముప్ఫై ఏళ్ల మిల్లు మసి.

తాళాలు చేతికొచ్చిన సాయంత్రం
ఫణీంద్ర ఫోను అరచేతిలో పెట్టుకుని
హారతిపళ్లెంలా గదిగదికీ తిప్పాడు.
ముందుగదిలో మూడు గీతలు,
వంటింట్లో ఒకటి,
మెట్లెక్కేసరికి
కొండెక్కింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేదాన్ని నేను.
మాంసం దాటి ఎముక దగ్గర ఆగిపోయే వెలుగుతో
పదహారేళ్ల కాపురం.
ఏది దేన్ని దాటుతుందో నాకు తెలుసు.
వైఫై ఈ రాయిని దాటదు, తీగ లాగాల్సిందే అన్నాను.
"మూడు డబ్బాలు కొని తగిలిస్తే పోయేదానికి..."
సణుక్కుంటూ సోమవారం తెల్లారకుండానే
అబెర్డీన్ రైలెక్కాడు,
సముద్రంలో గాలిమరల కొలువుకి.
గాలిని నమ్మిన మనిషి.

పక్కింటి ఆక్రాయిడ్ గారు
టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నలభై ఏళ్లు చేసి
కుడిచెవి అక్కడే వదిలేసి వచ్చాడు.
అడక్కుండానే వచ్చాడు,
ఉలీ సుత్తీ, చుట్టచుట్టుకున్న ఉక్కుపట్టీతో.
టీలోకి మూడు చెంచాల పంచదార అడిగాడు.
నేల చెక్కలు లేపితే కింద
ఒక దువ్వెన, ఒక పెద్ద పెన్నీ,
ఎక్కడికీ వెళ్లని గ్యాసు గొట్టం.

పైనుంచి పట్టీ దించుతున్నాను నేను,
కింద మెట్లగూట్లో టార్చి పట్టుకుని హిమజ.
"వస్తోందా?"
"రాలేదు."
"ఇప్పుడో?"
"ఊహూఁ... ఆగు ఆగు, వచ్చింది!"
బడి మార్చినందుకు నాతో మాట మానేసిన పిల్ల.
పన్నెండు రోజుల తర్వాత
గోడలోంచి ఆ నాలుగు ముక్కలు.
నేనేమీ అనలేదు. తీగ లాగాను.

నీలం తొడుగు ఒలిస్తే
జడల్లా మెలిపడ్డ నాలుగు జంటలు.
తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం,
తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ.
ఎంత వల్లించినా నోట నిలవదు.
తొమ్మిదో తరగతిలో సుందరాచారి మాస్టారు
బెత్తంతో బల్లమీద కొట్టి ఎక్కించింది మాత్రం
ఇంకా కదల్లేదు:
యమాతారాజభానసలగం.
ఎనిమిది గణాలు. ఎనిమిది తీగలు.
ఆ వరసలోనే రంగులు పాడుకున్నాను.
హిమజ నవ్వింది,
దగ్గొచ్చినట్టు నటించింది.

పచ్చజంట విడిపోవాలి,
మధ్యలో నీలిజంటని కూర్చోబెట్టుకోవాలి.
సరిగ్గా అక్కడే తప్పాను.
పరీక్షపెట్టె దీపాలు వెలిగాయి:
ఒకటి, రెండు, మూడు,
ఆరు.
ఉత్పలమాలలోనూ నాలుగో గణం దగ్గరే
నా చేతి మీద బెత్తం పడేది.

"కోసెయ్. మళ్లీ మొదలెట్టు," అన్నాడు ఆక్రాయిడ్ గారు.
"జానెడు ఎక్కువ వదలమన్నది ఎందుకనుకున్నావు?
తప్పుక్కూడా కొలత వేసుకోవాలి, తల్లీ."
మరి ఈ జంటలు ఇలా మెలేసుకుంటాయేం అని అడిగాను,
ఎడమచెవి వైపు వంగి.
"ప్రేమ అనుకునేవు.
పక్కజంట రొద తలకెక్కకుండా,"
అని మా ఇద్దరి తలల మీదుగా
కిటికీలోంచి తన ఇంటి వైపు చూశాడు.
మూడోసారి
ఎనిమిదీ వరసగా వెలిగాయి.

మేడమీద పైకప్పుకి
తెల్లటి అప్పంలాంటి డబ్బా బిగించాం.
అంత తీగా లాగింది చివరికి
గాలిలోకి వదలడానికే.
ఈ మాట ఫణీంద్రకి చెప్పదలచుకోలేదు.
పేరు పెట్టే పని హిమజకిచ్చాను.
నాకు చూపించకుండా కొట్టింది.

గురువారం రాత్రి
తడి కోటు విప్పకుండానే అటక గదిలోకెళ్లి
ఫోను చూసుకుంటూ అక్కణ్ణుంచే కేకేశాడు.
"అయిదు గీతలూ ఉన్నాయి గానీ
'వస్తోందా' అని చూపిస్తోంది, ఎవరిదే ఇది?"
మూసిన తలుపు వెనక నుంచి హిమజ:
"మనదే."
"పాస్‌వర్డో?"
"అమ్మనడుగు. తనకి తెలుసు."

తెలుసు.
చెప్పడానికి కాస్త టైము తీసుకున్నాను.

ఉక్కుపట్టీ ఇంకా మా ఇంట్లోనే ఉంది.
స్నానాలగది గోడ వెనక పొగగొట్టం అడ్డమట,
ఆదివారం చూద్దామన్నాడు.
పంచదార తెచ్చి పెట్టాలి.